ఎముక పిన్‌ను వదలకుండా పట్టుకోవాలంటే: మాంసం కొట్టు ఎముక మీద ఒక ఆదివారం, ఆ తర్వాత ఓటీ

ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ (విరిగిన ఎముకలోకి పిన్లు దించి, వాటిని ఒంటి బయట రాడ్డుకు బిగించే ఫ్రేమ్) వేసిన నాలుగో వారంలో పేషెంట్ ఓపీకి వస్తాడు. పిన్ చుట్టూ చర్మం ఎర్రబడి ఉంటుంది, పసుపు నీరు కారుతుంటుంది, వేలితో తాకితే పిన్ కదులుతుంది. డ్రెస్సింగ్ సరిగా చేయలేదని ఇంట్లోవాళ్ళను కోప్పడి, యాంటీబయాటిక్ రాసి పంపేస్తాం. చాలాసార్లు తప్పు వాళ్ళది కాదు. నెల కిందట ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఆ పిన్ ఎముకలోకి దిగిన రెండు నిమిషాల్లోనే దాని భవిష్యత్తు సగం తేలిపోయింది.

పీజీ రెండో ఏడాదిలో నేను సొంతంగా వేసిన మొదటి ఫిక్సేటర్ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది. అర్ధరాత్రి, లారీ గుద్దిన రైతు, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ఓపెన్ ఫ్రాక్చర్. సెట్‌లో ఉన్న డ్రిల్ బిట్ ఎన్నిసార్లు ఆటోక్లేవ్‌కు వెళ్ళొచ్చిందో ఎవరికీ తెలియదు. అది ఎముకను తొలవడం లేదు, పైపైన జారుతోంది. భుజం బరువంతా వేసి నొక్కాను. కాసేపటికి జుట్టు కాలినట్టు వాసన వచ్చింది. బిట్ బయటికి తీస్తే గాడుల్లో ఇరుక్కున్న ఎముక పొడి తెల్లగా లేదు, గోధుమ రంగుకు తిరిగింది. పిన్ మాత్రం గట్టిగానే కూర్చుంది, నాకు సంతోషం వేసింది. మూడు వారాలకు ఆయన వచ్చి, "డాక్టరు గారూ, రాడ్డు ఊగుతోందండి, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అన్నాడు. పిన్ తీసేసి, కొన్నాళ్ళకు ఎక్స్‌రే తీయిస్తే రంధ్రం చుట్టూ ఉంగరంలా తెల్లటి వలయం, దాని చుట్టూ నల్లటి అంచు. ఆ తెల్లటి ఉంగరం చచ్చిపోయిన ఎముక. రింగ్ సీక్వెస్ట్రం అని పరీక్ష కోసం బట్టీ పట్టిన దాన్ని నా చేతులతో నేనే తయారు చేశాను.

అందుకే నా దగ్గరికి వచ్చే పీజీలకు ఓటీలో పిన్ ఇచ్చే ముందు ఒక ఆదివారం పొద్దున మాంసం కొట్టు నుంచి తెచ్చిన ఎముక మీద చేయిస్తాను. ఇక్కడ రాస్తున్నది ఆ పాఠమే. చివర్లో టిబియా మీద ఎలా చేయాలో కూడా ఉంది. ఇది ఆర్థో పీజీలకు, కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చినవాళ్ళకు ఉద్దేశించింది. మనిషి మీద మొదటి కొన్ని కేసులు సీనియర్ పక్కన ఉండగానే చేయండి.

ముందుగా సరంజామా

పెద్ద గేదె కాలి ఎముక ఒకటి, మేక కాలి ఎముకలు రెండు మూడు తెచ్చుకోండి. కొట్టతను అలవాటు కొద్దీ మూలుగ కోసం ముక్కలు కొట్టేస్తాడు, "నిండు ఎముక కావాలి, కొట్టొద్దు" అని ముందే చెప్పాలి. గేదె ఎముక కార్టెక్స్ (పైనుండే గట్టి గోడ) మందంగా ఉంటుంది కాబట్టి వేడి సంగతి దాని మీద బాగా తెలుస్తుంది. మేక ఎముక సన్నం కాబట్టి పెద్ద రంధ్రం ఎముకను ఎంత బలహీనం చేస్తుందో దాని మీద అర్థమవుతుంది. ఉడికించకండి, ఎండబెట్టకండి. ఎండిన ఎముక పెళుసుబారుతుంది, దాని మీద చేతికి అలవాటైన ఒత్తిడి ఓటీలో పనికిరాదు. సెలైన్‌లో తడిపిన గాజ్ చుట్టి కవర్లో పెట్టండి. అదే రోజు చేయకపోతే డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ముందు రోజు రాత్రి కింది అరలోకి మార్చుకోండి. గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. వంటింటి గట్టు మీద మాత్రం వద్దు.

వేగం పెంచుకోడానికి, తగ్గించుకోడానికి వీలున్న డ్రిల్, బల్లకు బిగించిన వైస్, టీ-హ్యాండిల్, వెర్నియర్ కాలిపర్, హ్యాక్సా బ్లేడు, మర అరగని 5 మి.మీ. షాంజ్ పిన్లు (ఎముకలోకి తిప్పి దించే మర పిన్లు) నాలుగైదు, ఒక కొత్త బిట్, కావాలనే ఒక మొద్దు బిట్ పెట్టుకోండి. హార్డ్‌వేర్ షాపు డ్రిల్ అయినా సరే, కానీ అది ఆ బల్ల దాటి ఓటీ గుమ్మం తొక్కకూడదు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉన్న మల్టీమీటర్ కూడా కావాలి. హైదరాబాద్ వాళ్ళకైతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇంకా ఒక పెట్టె సుద్దముక్కలు. అవెందుకో తర్వాత చెప్తాను.

వేడిని కళ్ళతో చూడండి

వైస్‌లో గేదె ఎముక బిగించి, మీరు రంధ్రం వేయబోయే చోటుకు సుమారు ఒక మిల్లీమీటరు దూరంలో సన్నటి బిట్‌తో చిన్న గుంట చేసి, థర్మోకపుల్ కొసను అందులో కూర్చోబెట్టండి. మీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. మన ఊళ్ళలో గది వేడికి అది 30 దాకా ఉండొచ్చు. ఒంట్లో ఎముక 37 దగ్గర ఉంటుంది. కాబట్టి అంకె కన్నా అది ఎంత పెరిగిందో చూడండి. 10 డిగ్రీలు పెరిగిందంటే మనిషిలో 47కు చేరినట్టు లెక్క.

ఆ 47 ఊరికే వచ్చిన అంకె కాదు. స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ 1983లో కుందేలు ఎముకను వేడిచేసి సూక్ష్మదర్శినిలో రోజుల తరబడి చూశారు. 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉంచితే చాలు, ఎముకకు హాని మొదలవడం కనిపించింది. ముట్టుకుంటే వెంటనే చర్మం కాలిపోయేంత వేడి కూడా కాదు అది. ఎముక వేడిని త్వరగా పక్కకు పంపలేదు. ఇనుములో రంధ్రం వేస్తే వేడి కడ్డీ అంతా పాకుతుంది, ఎముకలో వేస్తే వేసిన చోటే నిలిచిపోతుంది.

ఇప్పుడు మొద్దు బిట్‌తో, నీళ్ళు లేకుండా, ఆపకుండా ఒక రంధ్రం వేయండి. మీటర్ చూడండి, వాసన చూడండి, పొడి రంగు చూడండి. అవతలి కార్టెక్స్ చేరేసరికి పెరుగుదల పదిని దాటేస్తుంది, అదీ ఒక మిల్లీమీటరు అవతల. రంధ్రం గోడ దగ్గర ఇంకా ఎక్కువే. తర్వాత వేరే చోట పదునైన బిట్‌తో, ఒకరు సిరంజితో సెలైన్ పోస్తుండగా, నాలుగైదు సెకన్లకోసారి ఆపి బిట్ గాడులు తుడుస్తూ అదే రంధ్రం వేయండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. ఈ తేడా ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు ఓటీలో సెలైన్ సిరంజి మర్చిపోయారంటే నేను నమ్మను.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వేడి రాకూడదని డ్రిల్‌ను ఫుల్ స్పీడులో పెట్టి, చేత్తో మాత్రం మెత్తగా ఆనిస్తారు. బిట్ కోయకుండా రుద్దుతూ కూర్చుంటుంది, ఆ రాపిడి అంతా వేడే. మాథ్యూస్, హిర్ష్ 1972లోనే మనిషి ఎముకల మీద కొలిచి చెప్పారు: వేగం కన్నా నొక్కే బలం ముఖ్యం, బలం పెరిగితే తొలిచే సమయం తగ్గి వేడి తగ్గుతుంది, పైన నీళ్ళు పోస్తే ఇంకా తగ్గుతుంది. నిదానమైన వేగం, నిలకడైన ఒత్తిడి, పదునైన బిట్. ఈ మూడింటిలో బిట్ పదునే మొదటిది. మొద్దు బిట్‌ను బలంగా నొక్కడం అంటే ఆ రాత్రి నేను చేసిన పనే.

బిట్ పదునుందో లేదో చూడటానికి నాకు ఒక పాత మెకానిక్ నేర్పిన చిట్కా ఉంది. కొసను దీపం కింద తిప్పి చూడండి. పదునైన అంచు నుంచి వెలుగు తిరిగి రాదు, ఆ గీత నల్లగానే ఉంటుంది. అంచు మీద సన్నటి తెల్లటి మెరుపు కనిపించిందా, అది అరిగిపోయి గుండ్రమైంది. ఓటీలో ఆ మెరుపు కనిపిస్తే, "సిస్టర్ గారూ, ఇంకో బిట్ ఇవ్వండి" అని అడగడానికి మొహమాటపడొద్దు.

రంధ్రం ఎంత, పిన్ ఎంత

కాలిపర్‌తో పిన్‌ను రెండు చోట్ల కొలవండి: మర అంచు దగ్గర ఒకసారి, మరల మధ్య లోతులో ఒకసారి. రెండోది కోర్. మీ రంధ్రం ఎంతుండాలో చెప్పేది ఈ కోర్ కొలతే. 5 మి.మీ. షాంజ్‌కు చాలా సెట్లలో 3.5 బిట్ ఇస్తారు. కంపెనీ మారితే కోర్ మారొచ్చు, అలవాటును నమ్మకుండా సెట్‌తో వచ్చిన చార్టు చూసుకోండి.

గేదె ఎముక మీద మూడు రంధ్రాలు వేయండి: ఒకటి సరిగ్గా చార్టు చెప్పినంత, ఒకటి అర మిల్లీమీటరు ఎక్కువ, ఒకటి అర మిల్లీమీటరు తక్కువ. మూడింటిలోనూ ఒకే రకం పిన్‌ను టీ-హ్యాండిల్‌తో చేత్తో తిప్పి దించండి. చేతికి తెలిసే తేడా గమనించండి. పెద్ద రంధ్రంలో పిన్ సులువుగా దిగిపోతుంది, కొసను అటూ ఇటూ నొక్కితే టకటకలాడుతుంది. సరైన రంధ్రంలో తిప్పిన కొద్దీ బిగువు నిదానంగా పెరుగుతుంది. చిన్న రంధ్రంలో హ్యాండిల్ మొరాయిస్తుంది, మణికట్టు నొప్పెడుతుంది, ఒక్కోసారి కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది.

ఆ చప్పుడు చాలామందికి గట్టి పట్టులా అనిపిస్తుంది. అది పగుళ్ళ చప్పుడు. హ్యాక్సాతో ఎముకను ఆ రంధ్రం మీదుగా నిలువునా కోసి, జెన్షన్ వయొలెట్ పూసి తుడిచి చూడండి. పెద్ద పగుళ్ళు ఉంటే ఊదా గీతలుగా రంధ్రం నుంచి బయటికి పాకి కనిపిస్తాయి. కంటికి అందని సన్నవి ఇంకెన్నో ఉంటాయి.

ఇక్కడ జరిగేది ఇది. రంధ్రం కన్నా పిన్ రవ్వంత లావుగా ఉంటే చుట్టూ ఉన్న ఎముక కొంచెం సాగి, పిన్‌ను నలువైపులా సమంగా నొక్కి పట్టుకుంటుంది. దీన్నే రేడియల్ ప్రీలోడ్ అంటాం. బండి చక్రానికి ఇనప పట్టా వేడి చేసి ఎక్కిస్తే చల్లారాక బిగుసుకున్నట్టు, ఇక్కడ ఎముక పిన్‌ను బిగిస్తుంది. దానికి మిల్లీమీటరులో పదో వంతు తేడా చాలు. తేడా సుమారు 0.4 మి.మీ. దాటితే ఎముక సాగడం మాని పగలడం మొదలుపెడుతుంది. పగిలిన ఎముకను శరీరం తొలగించేస్తుంది, ఆ ఖాళీలో పిన్ కదులుతుంది. అతి బిగువు కూడా చివరికి వదులుకే దారి తీస్తుంది.

పాతరోజుల్లో పిన్లు వదులవకుండా ఉండాలని రెండు పిన్లను ఒకదానివైపు ఒకటి వంచి క్లాంప్‌లో (పిన్‌ను రాడ్డుకు పట్టించే బిగింపులో) బిగించేవారు. అలా చేస్తే పిన్ ఎముకను ఒకే పక్క నొక్కుతుంది. ఆ పక్క ఎముక అరిగిపోయి, కొన్ని వారాల్లో రెండో పక్క కూడా ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఎవరూ కావాలని అలా చేయరు. కానీ తెలియకుండా రోజూ చేస్తుంటాం: పిన్ క్లాంప్‌కు అందకపోతే బలవంతంగా లాగి బిగించేస్తాం. పిన్ ఎక్కడుందో అక్కడికి క్లాంప్‌ను తీసుకెళ్ళాలి.

చేత్తో దించడం, వెనక్కి తిప్పకపోవడం

రంధ్రం డ్రిల్‌తో వేసినా పిన్‌ను మాత్రం టీ-హ్యాండిల్‌తో చేత్తోనే దించండి. నిదానంగా ఉండటం ఒక్కటే కారణం కాదు, చేతికి వచ్చే కబురు అందుకోడానికి కూడా. ఇవతలి కార్టెక్స్‌లో బిగువు ఉంటుంది, మజ్జలోకి రాగానే తేలికవుతుంది, అవతలి కార్టెక్స్ తగలగానే మళ్ళీ బిగుస్తుంది. ఆ రెండో బిగువు మొదలైన చోటు నుంచి చుట్లు లెక్కపెట్టుకోండి. కొస అవతల ఒకటి రెండు మరలు మాత్రం బయటపడాలి. తిప్పేటప్పుడు మోచెయ్యి ఒంటికి ఆనించుకోండి. హ్యాండిల్ ఊగితే రంధ్రం గరాటు ఆకారంలోకి మారుతుంది, పిన్ మీద ఎక్కువ భారం పడేది సరిగ్గా ఆ ఇవతలి కార్టెక్స్ దగ్గరే.

కొస నుంచి పైకి లావెక్కే పిన్లు కొన్ని కంపెనీలవి ఉంటాయి. వాటిని ఎక్కువ దించేసి, "అరె, ఇంకొంచెం వెనక్కి" అని అర చుట్టు తిప్పారో, మొత్తం బిగువు పోయినట్టే. బల్ల మీద ఒకసారి కావాలనే చేసి చూడండి. అందుకే చివరి రెండు చుట్ల ముందు ఆగి సీ-ఆర్మ్‌లో (ఓటీలోని ఎక్స్‌రే యంత్రంలో) చూడటం అలవాటు చేసుకోవాలి.

రంధ్రం వేయనక్కర లేకుండా తనే తొలుచుకుంటూ పోయే పిన్లు కూడా ఉన్నాయి. ఎమర్జెన్సీలో, యుద్ధరంగంలో వాటి విలువ వేరు. మామూలుగా మాత్రం నేను వాటికి దూరం. కారణం చిన్న లెక్క. మరల మధ్య దూరం ఒకటిన్నర మి.మీ. అనుకుందాం. ఒక్క చుట్టు తిప్పితే ఇవతలి కార్టెక్స్‌లో ఉన్న మర పిన్‌ను ఒకటిన్నర మి.మీ. ముందుకు లాగాలి. అదే సమయంలో కొస అవతలి గట్టి కార్టెక్స్‌ను తొలుస్తోంది, అది ఒక చుట్టుకు అంత దూరం పోలేదు. పిన్ అక్కడే తిరుగుతుంది, ఇవతల అప్పటికే కోసుకున్న మరలు నుజ్జయిపోతాయి. గేదె ఎముకలో పవర్ డ్రిల్‌తో ఒకటి దించి, కోసి చూడండి. అవతల మరలు అద్దినట్టుంటాయి, ఇవతల గోడ నున్నగా అరిగి ఉంటుంది. వేడి సంగతి సరేసరి, తొలిచిన పొడి పోవడానికి ఆ పిన్ గాడుల్లో చోటే తక్కువ.

సుద్దముక్కల పని

ఒక సుద్దముక్కను రెండు చేతుల్తో పట్టుకుని తువ్వాలు పిండినట్టు మెలిపెట్టండి. స్పైరల్‌గా విరుగుతుంది, అచ్చం కాలు మెలిపడిన పేషెంట్ ఎక్స్‌రేలా. ఇప్పుడు ఇంకో ముక్కకు మధ్యలో సూదితో చిన్న రంధ్రం చేసి మెలిపెట్టండి. ఈసారి చాలా తక్కువ బలానికే, ఆ రంధ్రం మీదుగానే విరుగుతుంది.

జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లో దీనికి లెక్క కట్టాడు: లాగుతున్న పలకలో చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచు దగ్గర ఒత్తిడి మిగతా చోటు కన్నా మూడు రెట్లు ఉంటుంది. ఎముక ఉక్కు పలక కాదు కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది, కానీ దిశ అదే. గొర్రె తొడ ఎముకల మీద చేసిన మెలితిప్పే పరీక్షల్లో రంధ్రం ఎముక వెడల్పులో పదో వంతు లోపు ఉంటే పెద్దగా తేడా రాలేదు, అయిదో వంతుకు చేరేసరికి బలంలో సుమారు మూడో వంతు తగ్గిపోయింది. మీ మేక ఎముక వెడల్పు కొలిచి, 5 మి.మీ. రంధ్రం అందులో ఎన్నో వంతో చూసుకోండి. ఒక ఎముకకు రంధ్రం వేసి, ఇంకోదానికి వేయకుండా రెండింటినీ వైస్‌లో బిగించి మెలిపెట్టి విరవండి. కళ్ళద్దాలు మర్చిపోవద్దు.

పిన్ ఎముక వెడల్పులో మూడో వంతు దాటకూడదన్న నియమం ఇందుకే. పెద్దవాళ్ళ టిబియాకు 5, తొడ ఎముకకు 5 లేదా 6, చేతి ఎముకలకు 4, వేళ్ళ ఎముకలకు ఇంకా సన్నవి. అలాగని భయపడి మరీ సన్నది వేసినా నష్టమే. పిన్ వంగకుండా నిలిచే గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 4 నుంచి 5కు వెళ్తే సుమారు రెండున్నర రెట్లు, 5 నుంచి 6కు వెళ్తే రెండు రెట్లు. ఒకే ఒక్క మిల్లీమీటరుకు ఇంత లాభం ఇంకెక్కడా దొరకదు.

రాడ్డు ఎముకకు ఎంత దూరంలో ఉందన్నది మనం ఓటీలో తేలిగ్గా తీసుకునే విషయం. ఎముకకూ క్లాంప్‌కూ మధ్య పిన్ పొడవు 3 సెం.మీ. నుంచి 6 సెం.మీ. అయితే, అదే బరువుకు పిన్ వంగేది రెండింతలు కాదు, సుమారు ఎనిమిదింతలు. పిన్ కొసను వైస్‌లో పట్టి, వేలితో దగ్గర ఒకసారి, దూరం ఒకసారి నొక్కి చూడండి, లెక్క అక్కర్లేదు. వాపు పెరిగినా చర్మానికి తగలకుండా రెండు వేళ్ళు దూరేంత చోటు ఉంచి, అంతకు మించి దూరం పెట్టకండి.

పేషెంట్ అడుగు వేసిన ప్రతిసారీ పిన్ వంగి లేస్తుంది. ఊళ్ళో గేదెను కట్టే గుంజను చూసే ఉంటారు. పాతిన రోజు రాయిలా ఉంటుంది. గేదె రోజూ కాస్త కాస్త లాగుతుంది, మొదట్లో మట్టి చుట్టూ వెంట్రుకంత సందు, ఆ సందులోకి వాన నీళ్ళు, నాలుగు రోజులకు గుంజ చేతికి వచ్చేస్తుంది. పిన్‌దీ అదే కథ: ముందు సందు, తర్వాత కదలిక, ఆ తర్వాత చర్మం మీదనుంచి క్రిములు. కాలిన ఎముక, పగిలిన ఎముక, వంచి బిగించిన పిన్, పొడవైన పిన్, ఇవన్నీ ఆ మొదటి సందు తెచ్చేవే.

ఇక టిబియా మీద

టిబియాకు పిన్ లోపలి పక్కన, చర్మం కింద నేరుగా ఎముక తగిలే ముఖం మీద వేయండి. ముందు అంచు మీద వేయొద్దు. అక్కడ కార్టెక్స్ బాగా మందం, బిట్ చాలాసేపు తొలవాలి, వేడి పెరుగుతుంది, పైగా పిన్ మజ్జ గది మధ్యగా పోకుండా పక్కగా పోయే ప్రమాదం ఉంది. మోకాలి దగ్గర వేయాల్సి వస్తే కీలు ఉపరితలానికి కనీసం 14 మి.మీ. కింద ఉండండి, కీలు సంచి అంతవరకూ దిగి ఉంటుంది, పిన్ దగ్గర చీము పడితే అది కీల్లోకి పోకూడదు.

ఒక్కో ముక్కకు రెండు పిన్లు కనీసం. ఒకటి ఫ్రాక్చర్‌కు దగ్గరగా, కానీ రక్తం గడ్డ కట్టిన చోటు వదిలి. రెండోది వీలైనంత దూరంగా. రెండింటి మధ్య ఎడం పెరిగిన కొద్దీ ఫ్రేమ్ గట్టిపడుతుంది. తర్వాత ప్లేట్ వేసే ఆలోచన ఉంటే ఆ గాటు పడే చోటు వదిలేయండి.

చర్మం మీద ఒక సెంటీమీటరు గాటు పెట్టి, ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఎముక దాకా కండను విడదీయండి. స్లీవ్‌ను (బిట్‌కు దారి చూపే గొట్టాన్ని) ఎముక మీద నిటారుగా ఆనించి, కదలకుండా పట్టుకోండి. డ్రిల్ తిరగడం మొదలయ్యాకే నొక్కండి, ముందే నొక్కితే బిట్ జారుతుంది. స్లీవ్ ఉంటే సెలైన్ లోపలికి పోదు, చాలామంది గమనించని సంగతి ఇది. అసిస్టెంట్ పోసే నీళ్ళన్నీ స్లీవ్ బయటినుంచి కారిపోతుంటాయి. బిట్ ఎముకలో కుదురుకున్నాక స్లీవ్‌ను కొంచెం పైకి లేపి, నీళ్ళు గాడులమీదుగా దిగేలా పోయమనండి. ఇవతలి కార్టెక్స్ దాటాక బిట్‌ను బయటికి తీసి తుడవండి. పొడి రంగు చూడండి. తెల్లగా ఉంటే ముందుకు. గోధుమ రంగు వస్తే బిట్ మార్చి, వీలుంటే కొంచెం పక్కన కొత్త చోట వేయండి. అవతలి కార్టెక్స్‌లో ఒత్తిడి తగ్గించి, దాటగానే ఆపేయండి, వెనకాల రక్తనాళాలున్నాయి.

పిన్ దించాక చర్మాన్ని చూడండి. ఒక పక్క గుంజుకుని తెల్లబడితే అక్కడ చిన్న గాటు పెట్టి వదులు చేయాలి. గుంజుకున్న చర్మం రెండు రోజుల్లో కుళ్ళుతుంది, మీరు ఎముకలో పడ్డ శ్రమంతా వృథా.

మోకాలి దగ్గరి మెత్తటి ఎముకలో లెక్క మారుతుంది. అక్కడ వేడి భయం తక్కువ, పట్టు భయం ఎక్కువ. వయసు మళ్ళి ఎముక గుల్లబారినవాళ్ళలో హైడ్రాక్సీ అపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం లాంటిది) పూత ఉన్న పిన్లు మేలు, ఎముక ఆ పూతను అంటుకుని పెరుగుతుంది. ఖరీదు ఎక్కువే, ఫ్రేమ్ నెలల తరబడి ఉండాల్సినవాళ్ళకు దాచి వాడండి.

ఇలిజరోవ్ వైర్లు వేసేవాళ్ళకు రెండు మాటలు. 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో సర్జన్ ఇలిజరోవ్ మొదలుపెట్టిన పద్ధతిలో లావు పిన్ బదులు పెద్దవాళ్ళకు 1.8 మి.మీ. వైర్ వాడతాం, గట్టిదనమంతా దానికిచ్చే టెన్షన్‌లోంచి వస్తుంది, కాలి చుట్టూ ఉండే పూర్తి రింగ్ మీద 130 కిలోల దాకా. వైర్‌కు గాడులు లేవు, పొడి బయటికి రాదు, అందుకని వేడి పిన్ కన్నా త్వరగా పెరుగుతుంది. కొన్ని సెకన్లు తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం, తడి గాజ్‌తో వైర్‌ను పట్టుకుని ఉండటం. చర్మం నుంచి ఎముక దాకా తిప్పకుండా నెట్టాలి, ఎముకలో మాత్రమే డ్రిల్ చేయాలి, అవతలి కార్టెక్స్ దాటాక మళ్ళీ తిప్పకుండా సుత్తితో మెల్లగా తట్టి బయటికి తేవాలి. తిరిగే వైర్ కండనూ నరాన్నీ చుట్టేసుకుంటుంది. రింగ్‌కు అందకపోతే వైర్‌ను వంచొద్దు, వాషర్లు వేసి రింగ్‌నే వైర్ దగ్గరికి తేవాలి.

తీసేటప్పుడు, తీశాక

పిన్ తీసే రోజు టీ-హ్యాండిల్‌తో మొదటి పావు చుట్టు ఎంత బలానికి కదిలిందో చార్టులో రాసుకోండి: గట్టిగా, ఒక మోస్తరుగా, వదులుగా. ఏ పిన్ వదులైందో, దాన్ని వేసిన రోజు ఏ బిట్ వాడారో పక్కనే రాయండి. ఏడాదికి ఆ నోటుబుక్ మీ చెయ్యి ఎక్కడ తప్పుతోందో పుస్తకాలకన్నా బాగా చెప్తుంది.

పేషెంట్‌కు మాత్రం స్పష్టంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఫ్రేమ్ పోయింది, ఎముక అతుక్కుంది, ఇక పరిగెత్తొచ్చని వాళ్ళు అనుకుంటారు. లోపల ఇంకా నాలుగు రంధ్రాలున్నాయి, ఆ సుద్దముక్కలో ఉన్నట్టే. కొత్త ఎముక వచ్చి అవి పూడేదాకా, కనీసం ఆరు వారాలు, కర్ర సాయంతో నడవమనండి. బరువులెత్తొద్దనండి, బండి కిక్ కొట్టొద్దనండి, ఆ కాలు నేల మీద ఆనించి ఒంటిని మెలితిప్పొద్దనండి. రైతయితే దమ్ము చేసే పొలంలోకి దిగొద్దని విడిగా చెప్పండి. బురదలో పాదం ఇరుక్కుని ఒళ్ళు తిరిగితే ఎముక మీద పడేది మెలిపెట్టే బలమే. ఆరు వారాలకు ఎక్స్‌రే తీసి, రంధ్రాల అంచులు మసకబారాయో లేదో చూసి అప్పుడు పంపండి.